టచింగాయన పెంచిన కొడుకు

మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ టచింగాయనే. ఫోటో తీసింది ఎవరైనా, దాని మీద మొటిమలు తుడిచి, కళ్ళకింద నలుపు తగ్గించి, చెదిరిన జుట్టు సర్దేది ఆయన. మొదట్లో నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో చేసేవాడు. తరవాత కంప్యూటరొచ్చింది. ఏది వచ్చినా పనిలో పడ్డాక నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. మధ్యాహ్నాలు నేను ఆ స్టూడియో బల్ల మీద కూర్చునేవాణ్ని. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండా మాట్లాడేవాడు. నేను వినేవాణ్ని. ఈ సంగతులు చాలావరకు అలా విన్నవే, కొన్ని చూసినవి.

లోపలి గదిలో మేకుకి ఒక నల్ల గౌను వేలాడుతూ ఉండేది, యూనివర్సిటీలో పట్టా పుచ్చుకునేటప్పుడు వేసుకునే రకం. దానికి వెనకభాగం లేదు. ముందు ముక్క ఒక్కటే, మెడ దగ్గరా నడుము దగ్గరా నాడాలు. లావుపాటివాళ్ళకీ బక్కవాళ్ళకీ ఒకేలా అమరాలని ఆయనే అలా కుట్టించాడు. చదువు పూర్తయినవాళ్ళు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చి, అది తొడుక్కుని, గడ్డం పైకెత్తి నిలబడేవాళ్ళు. ముందునుంచి చూస్తే మహారాజుల్లా ఉండేవాళ్ళు. వెనకనుంచి చూస్తే చెమటపట్టిన చొక్కా, నాడా ముడి. ఎవరూ వెనక్కి తిరక్కండి, పట్టా జారిపోతుంది అని ఆయన రోజూ వేసే జోకు.

ఆ ముఖాలే మళ్ళీ వచ్చేవి. ఈసారి పాస్‌పోర్ట్ సైజు కోసం, ఉద్యోగాల అప్లికేషన్లకి. మొదటిసారి వచ్చినప్పుడు అద్దం ముందు చాలాసేపు దువ్వుకునేవాళ్ళు. రెండోసారి దువ్వెన అడిగేవాళ్ళు కాదు. ఆ తరవాత కుర్చీలో కూర్చోకముందే, తొందరగా తీసెయ్యండి అనేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ ముఖాలు తుడిచి తుడిచి ఆయనకి ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది. యూనివర్సిటీ అనేది ఆ గౌను లాంటిదే, ముందునుంచి చూడ్డానికి తప్ప వీపుకి చలి ఆపదు.

ఆయనకి ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే ఈ స్టూడియోలోనే, లైట్ల స్టాండ్ల మధ్య పెరిగింది. చెయ్యి మంచిది, తండ్రి కన్నా శుభ్రంగా టచింగ్ చేసేది. పక్క ఊళ్ళో యూనివర్సిటీలో సీటొచ్చింది. వెళ్తానంది. ఆయన వద్దనలేదు, సరేననలేదు. చేరాల్సిన గడువు దగ్గరపడుతోంది. ఆయన నోరు విప్పట్లేదు. ఇంట్లో ఇద్దరూ గిన్నెల చప్పుళ్ళతో మాట్లాడుకునే పరిస్థితి వచ్చింది.

"నీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చేది ఉద్యోగం రానివాళ్ళే నాన్నా. వచ్చినవాళ్ళకి నీతో పనేముంటుంది?" అని ఒకరోజు అడిగింది.

ఆయన కుట్టు టీచరమ్మగారి అబ్బాయి సంగతి ఎత్తాడట. అంత చదివాడు కదా, చూడు, ఎన్నేళ్ళు తిరిగాడో, చివరికి ఎక్కడ తేలాడో అని.

కూతురు ఆయన వంక అలాగే చూసింది.

"నాన్నా, ఆ అబ్బాయి చచ్చిపోయాడు."

ఈ మాట నాతో చెబుతున్నప్పుడు ఆయన మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ క్షణం దాకా తనకా సంగతి గుర్తే లేదన్నాడు.

కుట్టు టీచరమ్మ అంటే ఆడపిల్లల బడిలో కుట్లూ అల్లికలూ నేర్పి రిటైరైన పెద్దావిడ. భర్త లేడు. ఉన్న ఒక్క కొడుక్కి యూనివర్సిటీలో సీటొచ్చింది. చేరకముందే జ్వరమొచ్చి పోయాడు. కొన్నేళ్ళు గడిచాక ఆవిడ ఒక స్కూలు ఫోటో పట్టుకుని స్టూడియోకి వచ్చింది. వాడి జతవాళ్ళందరూ ఈ ఏడు పట్టాలు పుచ్చుకున్నారండీ, మావాడికి కూడా గౌను తొడగాలి అంది. ఇలాంటివి అడిగేవాళ్ళు అప్పుడప్పుడు వస్తారు. ఆయన ఇంకెవరివో భుజాలు తెచ్చి, ఆ పిల్లవాడి ముఖాన్ని కొంచెం పెద్దచేసి అతికించాడు. వయసు పెంచడానికి టచింగ్ పనిలో ఒక పద్ధతుంది. తండ్రి ఫోటో ఎదురుగా పెట్టుకోవాలి. నుదురు ఎటు వెనక్కి జరుగుతుందో, బుగ్గ ఎక్కడ లోపలికి పోతుందో అది చెబుతుంది. ఆవిడ భర్త ఫోటో కూడా తెచ్చి ఇచ్చింది. పూర్తయిన ఫోటో చూసి ఏడవలేదు. ఎత్తు సరిపోయింది అంది, అంతే.

మరుసటేడు మళ్ళీ వచ్చింది. వాడికి పాస్‌పోర్ట్ సైజులు కావాలంది.

ఎందుకమ్మా అని ఆయన మెల్లగా అడిగాడు.

"అప్లికేషన్లు పెడుతున్నాడు కదండీ."

పెద్దావిడ, మనసు చెదిరింది, కాదనడమెందుకని ఆయన చేసిచ్చాడు. ఆ తరవాత కూడా వస్తూనే ఉంది. ఈసారి జుట్టు ముందువైపు కొంచెం పల్చన చెయ్యమంది. ఇంకోసారి, చొక్కా కాలరు అంత బిర్రుగా వద్దు, అది పాతది కదా అంది. ఆయనకి జాలేసి, ఎటూ మనం చేసేదే కదమ్మా, టై కట్టి మంచి ఆఫీసులో కూర్చోబెట్టేస్తాను అన్నాడు.

"రానిదాన్ని వచ్చిందని ఎందుకండీ పెట్టడం?" అందావిడ.

ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. అప్పటినుంచి ఆ పిల్లవాడి పని వస్తే మిగతావి పక్కన పెట్టి చేసేవాడు. ఒకసారి ఆవిడ గుమ్మంలో కనపడగానే ఆయనే ముందు, "ఇంకా ఏం కాలేదామ్మా?" అని అడిగేశాడు. ఎవరి గురించి అడిగాడో ఆయనకే ఒక్క నిమిషం తరవాత గాని తట్టలేదు. ఆవిడ మాత్రం మామూలుగా తల అడ్డంగా ఊపి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

తరవాత ఎప్పుడో ఉద్యోగం దొరికిందని చెప్పింది. చదివినదానికీ చేసేదానికీ సంబంధం లేదట. అయినా రోజూ వెళ్తున్నాడట. ఆయన ఆ ముఖానికి కళ్ళజోడు పెట్టాడు. పెట్టాక చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ అడగలేదు, తానూ అనుకోలేదు, కాని ఆ ముఖంలో విసుగు ఉంది. అది నేను పెట్టింది కాదు అని నాతో మళ్ళీ మళ్ళీ అన్నాడు.

ఆ అబ్బాయి చచ్చిపోయాడని కూతురు గుర్తుచేసిన వారంలోనే టీచరమ్మ దగ్గరనుంచి ఫోనొచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి, రాలేను, ఈసారి ఫోటో ఇంటికే తెచ్చివ్వమని. ఆయనకి ఒంటరిగా వెళ్ళబుద్ధి కాలేదు. కూతురితో మాటలు సరిగ్గా లేకపోయినా, తోడు రమ్మన్నాడు. ఆ పిల్ల చెప్పులేసుకుని వచ్చింది.

మధ్యాహ్నమే, కాని మబ్బు పట్టి ఉంది. మేడ మీద ఒంటి గది వాటా. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ మంచం మీంచే తలుపు తోసుకుని రమ్మంది. లోపలికి అడుగుపెట్టి ఆయన ఎడమచేతివైపు గోడ చూశాడు. తాను చేసిన ఫోటోలన్నీ వరసగా ఉన్నాయి. గౌను తొడుక్కున్నవాడు, కాలరు నలిగినవాడు, కళ్ళజోడువాడు. ఒక్కడే, ఏడాదికో మెట్టు దిగుతున్నట్టు.

కూతురు కుడివైపు గోడ చూస్తోంది. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

అక్కడ ఇంకో వరస ఉంది. అదే పిల్లవాడు. గౌను లేదు, కళ్ళజోడు లేదు. మీసం వచ్చింది. బుగ్గలు నిండాయి. ఒకదాంట్లో ఏదో షాపు కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు. ఇంకోదాంట్లో పొట్ట కొంచెం ముందుకొచ్చింది. తన పనితనం కాదని ఆయనకి చూడగానే తెలిసింది. ఎదురువీధి స్టూడియోలో చేసినవి. అంచులు మొరటుగా ఉన్నాయి. కాని ముక్కు అదే, నుదురు వెనక్కి జరిగిన తీరు అదే. అక్కడా తండ్రి ఫోటోయే ఇచ్చింది కాబోలు. రెండు గోడల మీంచి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నట్టున్నారు. మధ్యలో నిలబడడం తండ్రీకూతుళ్ళకి ఇబ్బందయింది. ఇద్దరూ పక్కకి జరిగారు.

"వాడు వెళ్ళనివాడు. సీటొచ్చినా నాకొద్దమ్మా అని ఉండిపోయినవాడు" అంది టీచరమ్మ, ఇంట్లో వాళ్ళని పరిచయం చేసినంత మామూలుగా. ఏదయ్యుండేదో నాకెలా తెలుస్తుందండీ, అందుకని ఇద్దర్నీ పెంచుతున్నాను అంది.

కూతురు దగ్గరికెళ్ళి చూసి, వీళ్ళిద్దరికీ ఒక తేడా ఉందండీ అంది. కౌంటరు వెనక ఉన్నవాడికి కుడి కనుబొమ మీద చిన్న మచ్చ. కళ్ళజోడువాడికి లేదు.

ఆ మచ్చ సంగతి టీచరమ్మ మంచం మీంచే చెప్పింది. అది చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ పడినప్పటి మచ్చట. వెనకనుంచి పట్టుకున్న తండ్రి, చెప్పకుండా సీటు వదిలేశాడు. పెద్దయ్యాక కూడా ఆ పిల్లవాడు మచ్చ చూపించి తండ్రిని ఏడిపించేవాడట. మొదటి ఫోటోలోనే టచింగాయన దాన్ని తుడిచేశాడు. మరకో మొటిమో అనుకుని కూడా కాదు. అలవాటుగా. ముఖం మీద ఏమున్నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది.

"చదువుకెళ్ళాక పోయింది కదా అది. అక్కడికెళ్ళినవాళ్ళకి ఇలాంటివి ఉండవేమో అనుకున్నాను" అంది టీచరమ్మ, కళ్ళజోడువాణ్ని చూపించి. "వీడు వాళ్ళ నాన్న ఊసు ఎత్తడు. వాడైతే రోజూ ఎత్తుతాడు."

నా పొరపాటమ్మా, ఇప్పుడే వెళ్ళి అన్నిట్లోనూ పెట్టి తెస్తాను అన్నాడాయన.

"వద్దులెండి. ఇప్పుడు పెడితే, అదెలా వచ్చిందో వీడికి తెలీదు."

కూతురు మంచం పక్కన కూర్చుని, ఇద్దరిలో ఎవరు బాగున్నారండీ అని అడిగింది. ఆ పిల్ల ఎందుకడిగిందో ఆయనకి తెలుసు. జవాబు రాకముందే ఆ పిల్ల నోరుమూసి లాక్కుపోదామనిపించిందట.

టీచరమ్మ రెండు గోడలూ చూసింది. తొందరపడలేదు.

"మారుతూ ఉంటుందమ్మా. ఒకడు కులాసాగా ఉన్న రోజున రెండోవాడు మొహం వేలాడేస్తాడు. వీడు చదివిందంతా ఎక్కడ వాడాలో తెలీక చిరాకు పడతాడు. వాడు చదివుంటే ఏమయ్యేవాణ్నో అని చిరాకు పడతాడు. కాకపోతే వీడి దగ్గర చెప్పడానికి మాటలున్నాయి. వాడు ఊరికే కూర్చుంటాడు." కొంచెం ఆగి, "నువ్వెవరివి? వెళ్ళేదానివా, ఉండేదానివా?" అంది.

"నేనొక్కదాన్నే కదండీ" అంది ఆ పిల్ల. "వెళ్తే గానీ తెలీదు. బాగోకపోతే అది నాదే."

టీచరమ్మ తల ఊపింది. వీళ్ళకి ఆ బాధ లేదు అంది, గోడలవైపు చెయ్యి చూపించి. తెచ్చిన కొత్త ఫోటో అందుకుని, ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. వాళ్ళు వెళ్ళేదాకా తిప్పి చూడలేదు.

మెట్లు దిగాక ఆయన వీధి మలుపులో ఆగి, బస్సు ఎన్నింటికి అన్నాడు. ఏ బస్సు నాన్నా అంది. యూనివర్సిటీకెళ్ళే బస్సు అన్నాడు. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది. ఏడుస్తుందేమోనని ఆయన కంగారుపడి, ముందు పెట్టె ఒకటి కొనాలి, ఇంట్లో ఉన్నదానికి తాళం పడదు అని నడక మొదలుపెట్టాడు.

కూతురు వెళ్ళి చేరింది. ఫోన్లో ఒకరోజు పాఠాలు అర్థం కావట్లేదని, ఒకరోజు గ్రంథాలయంలోంచి కదలబుద్ధి కావట్లేదని చెప్పేది. లాభమో నష్టమో నన్నప్పుడే అడక్కు నాన్నా అనేది. ఆయన అడగలేదు. స్టూడియోలో ఒక్కడే పని చేసుకునేవాడు. ఆ రోజుల్లో ఆయన తెరని నా వైపు తిప్పడం మానేశాడు. నేను వచ్చి కూర్చోగానే ఏదో ఒకటి మూసేసేవాడు.

సెలవులకి వచ్చినప్పుడు కూతురే కనిపెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. కంప్యూటరు తెరిచి ఏదో వెతుకుతూ ఆగిపోయింది. తెర మీద ఆ పిల్లే ఉంది. ఈ స్టూడియోలోనే, ఈ స్టూలు మీదే, తండ్రి పక్కన కూర్చుని పని చేస్తోంది. అలాంటి ఫోటో ఎవరూ తియ్యలేదు. కిందికి జరిపితే ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. ప్రతిదాంట్లోనూ కొంచెం కొంచెం పెద్దదవుతోంది. చివరిదాంట్లో వాళ్ళమ్మ పోలిక వచ్చేసింది. ఎదురుగా ఏ ఫోటో పెట్టుకుని చేశాడో అడగక్కర్లేదు.

టచింగాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తిడుతుందేమోనని చూస్తున్నాడు.

ఆ పిల్ల చాలాసేపు చూసింది. "నాకన్నా బుద్ధిమంతురాల్లా ఉందే" అంది.

ఆయన నవ్వాడు. తీసెయ్యమంటావా అని అడిగాడు. తీసెయ్యమనలేదు, ఉంచమనలేదు. ఒక్కటే అడిగింది, "నాన్నా, దీనికి వెళ్ళాలని ఉందా?"

ఆయన దగ్గరికొచ్చి, వంగి, తెరలోకి చూశాడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు చూశాడు. నాలుక కొస పళ్ళమధ్య ఉంది. ఎవరో పాస్‌పోర్ట్ సైజు కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, ఆయన వినిపించుకోలేదు. నేనే లేచి, కాసేపు కూర్చోమని చెప్పాను. తెరలో ఆ పిల్ల కూర్చున్న స్టూలు చూపించబోయి, ఎందుకో, బల్ల చూపించాను.