నలభై రెండు జతల చెప్పులు

2007 డిసెంబరులో నేను రాయపూర్‌లో రైల్వే వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగం గురించి బయటివారికి తెలిసినది తక్కువ. సిబ్బంది కుటుంబాల ఫిర్యాదులు వినడం, క్వార్టర్ల మరమ్మతుల గురించి సంబంధిత శాఖలకు రాయడం, పనిలో ఉండగా మరణించినవారి ఇంటివారికి కాగితాలు పూర్తి చేసిపెట్టడం మా విధులు. పర్సనల్ ఆఫీసరుకు కింద, హెడ్ క్లర్కుకు కాస్త పైన ఉండే హోదా అది. అధికారం తక్కువ, తిరుగుడు ఎక్కువ. తిరిగిన ప్రతి రోజుకూ నేను డైరీ రాశాను. శంకర్ నగర్ ఇంట్లో బీరువా కింది అరలో అవి వరుసగా ఉన్నాయి. ఈ వృత్తాంతం వాటిలో ఒకటి ముందు పెట్టుకుని రాస్తున్నదే గాని, జ్ఞాపకాన్ని నమ్మి రాస్తున్నది కాదు.

సిబ్బంది సంక్షేమ కమిటీ ప్రతి చలికాలం ఒక విహారయాత్ర ఏర్పాటు చేసేది. రాయపూర్ నుంచి రాత్రి బండిలో విశాఖపట్నం చేరడం, పగలంతా అద్దె బస్సులో గైడుతో మూడు బీచ్‌లు చూడడం, ఆ సాయంత్రమే తిరుగు బండి ఎక్కడం. కార్యక్రమం ఇంతే. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊరివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే అంతకుముందు ఏడేళ్ల జాబితాలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో గుమాస్తాలు, టైపిస్టులు, స్టోర్స్ వారు, కొందరైతే మూడేసి సార్లు వెళ్లినవారు ఉన్నారు. పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ కుటుంబం ఒక్కటీ లేదు. నాకు ఒళ్లు మండింది. ఏడు జాబితాలూ జతచేసి కమిటీకి నోట్ పెట్టాను. జవాబు రాలేదు. రెండోసారి పెట్టాను. మూడోసారి, ముందు పెట్టిన రెండింటి తేదీలతో సహా పెట్టాను.

కమిటీ కార్యదర్శి నన్ను పిలిచి నవ్వాడు. "సముద్రం ఒడ్డున కూడా కంకర సర్దుతారేమో మీ వాళ్లు. లైన్లో నిలబడరు, టైముకి రారు. ఒక్కడు నీళ్లలోకి పోతే జిమ్మేదారీ ఎవరిది, మీదా?" అన్నాడు. నాదే అని కాగితం మీద రాసి ఇచ్చాను. పర్సనల్ ఆఫీసరు గారు దాన్ని ఆధారం చేసుకుని ఒక్క ఏడాదికి ప్రయోగంగా అనుమతించారు. ఆ ఉత్తర్వు చివరి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఎటువంటి అవాంఛనీయ ఘటన జరిగినా, ఒక్కరు తప్పిపోయినా, పథకం తిరిగి కార్యాలయ సిబ్బందికే పరిమితమవుతుంది. అంటే ఆ ఒక్క రోజు సవ్యంగా గడవడం మీదే గ్యాంగ్ కుటుంబాల వంతు ఆధారపడి ఉంది.

రాయపూర్ దగ్గరి ఒక గ్యాంగ్‌ను ఎంపిక చేశాను. పన్నెండు కుటుంబాలు, నలభై నాలుగు మంది. ఎక్కువమంది తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, కోపం వస్తే రెండూ. గ్యాంగ్‌కు పెద్ద మేటు. ఆ మేటు పేరు అప్పలస్వామి. ఉద్యోగంలో ఇంకో రెండేళ్లు మిగిలిన మనిషి, మాట తక్కువ. నేను పేరు, బంధుత్వం, వయసు, పాసు నంబరు గడులతో హాజరు పట్టీ నాలుగు ప్రతులు తయారుచేశాను. దిగిన ప్రతిచోటా, ఎక్కే ముందు ప్రతిసారీ పేరు పిలుస్తానని, పిలిచినవారు స్పష్టంగా "ఉన్నాను" అనాలని చదివి వినిపించాను. అప్పలస్వామి పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు.

"మీ గిన్తీ మీరు సెయ్యండి సార్. నా గిన్తీ నేను సేసుకుంతాను" అన్నాడు.

గిన్తీ అంటే లెక్క. అతని లెక్క ఏమిటో అడిగితే చెప్పలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఉదయం విశాఖలో దిగాం. బస్సు ఆలస్యంగా వచ్చింది. ఎంత ఆలస్యమో రాసుకుని గైడు చేత సంతకం పెట్టించుకున్నాను. నెత్తిన టోపీ, చేతిలో మైకు ఉన్న హుషారైన మనిషి అతను. సంతకం పెడుతూనే, పోయిన సమయాన్ని ప్రతి బీచ్‌లోనూ కొంత కొంత కోసి సర్దుతానన్నాడు. తప్పు బస్సుదైతే కోత మాకెందుకని వాదించాను. మైకు ఆన్ చేసి నగరం చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో వెనక సీటు నుంచి ఒకామె, "బాబూ, మీకు ఈతొచ్చా?" అని అడిగింది. "నాది చూపించడం వరకేనండీ" అన్నాడతను. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ జవాబును కూడా రాసుకున్నాను.

మొదట ఆర్కే బీచ్. జనం సముద్రాన్ని చూసి కేకలు వేస్తారనుకున్నాను. ఎవరూ వేయలేదు. ఒడ్డున వరుసగా నిలబడి, లైను మీద బండి పోతుంటే పక్కకు తప్పుకుని చూసినట్టే చూశారు. కొంతసేపటికి ఒక గ్యాంగ్‌మన్, "ఇది రోజంతా ఇలాగే వొత్తాదేటి?" అన్నాడు. పక్కవాడు, "దీనికి చుట్టీ లేదురా, డూటీ రోస్టరు లేదు" అన్నాడు. అప్పుడు పిల్లలు ముందుకు దూకారు, వెనక ఆడవాళ్లు, ఆఖరున మగవాళ్లు.

అక్కడే అప్పలస్వామి గిన్తీ ఏమిటో చూశాను. నీళ్ల వైపు వెళ్లే ముందు అందరినీ ఆపి, చెప్పులు విప్పించి, పొడి ఇసుకలో ఒకే వరుసలో జతలుగా పెట్టించాడు. ముక్కులు సముద్రం వైపు, మడమలు బస్సు వైపు. పని అయ్యాక గ్యాంగ్‌మన్‌లు గడ్డపారలు, కంకర కూరే బీటర్లు, సుత్తులు టూల్ బాక్సు ముందు అలాగే వరుసగా పెడతారు. మేటు మనుషులను లెక్కపెట్టడు, సామాను లెక్కపెడతాడు. ఒక గడ్డపార పట్టాల మధ్య మిగిలిపోతే వచ్చే బండికి ప్రమాదం. సామాను లెక్క కుదిరితే మనుషుల లెక్క దానంతట అదే కుదురుతుంది. ఇద్దరు చంకపిల్లలు పోగా చెప్పులు నలభై రెండు జతలు. నేను తోలు బూట్లు విప్పలేదు, కాబట్టి నేను ఆ లెక్కలో లేను. ఎవరి జత వారు తొడుక్కుంటేనే ఆ మనిషి వచ్చినట్టు. మరొకరి చెప్పులు ముట్టుకోకూడదన్నది అతని ఏకైక నిబంధన.

నా హాజరు మాత్రం అక్కడ చెడింది. పేరు పిలిస్తే కొందరు వేరే వైపు చూస్తున్నారు, కొందరు నవ్వుతున్నారు, ఒక పేరు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. ఆలస్యంగా పలికిన ఇద్దరు ఆడవాళ్లను అందరి ముందూ గట్టిగా మందలించాను. ఇది పిక్నిక్ కాదు, పరీక్ష అని కూడా అన్నాను. ఆ మందలింపు సబబేనని ఆనాటి డైరీలో రాసి ఉంది. దాని మీద అదే రాత్రి వేరే సిరాతో కొట్టివేసిన గీత ఉంది.

రెండోది రుషికొండ. అక్కడా మేటు చెప్పుల వరుస పెట్టించాడు. అలలు పెద్దవి. మోకాళ్ల లోతు దాటవద్దని చెప్పి, మగవాళ్లను ఇద్దరిద్దరిగా రెండు కొసల్లో నిలబెట్టాం. సమయం కాగానే గైడు ఈల వేశాడు. జనం బస్సు దగ్గరికి వచ్చారు. నేను పట్టీ తీసి పిలిచాను. ఈసారి ఒక్క పేరుకూ రెండోసారి పిలవాల్సిన పని రాలేదు. చంకపిల్లలకు తల్లులు పలికినవాటితో కలిపి నలభై నాలుగు "ఉన్నాను"లు. మందలింపు ఫలించిందనుకుని సంతోషించి, పట్టీ కింద సమయం వేసి సంతకం చేశాను. గైడు డ్రైవరును కదలమన్నాడు.

అప్పలస్వామి ఎక్కలేదు. ఇసుక అంచున నిలబడి ఉన్నాడు.

"జోడు ఒకటి మిగిలిపోనాది సార్."

హాజరు పూర్తయిందని పట్టీ చూపించాను. గైడు కిటికీలోంచి తల పెట్టి, "బీచ్ నిండా పాత చెప్పులే ఉంటాయి పెద్దాయనా, భీమిలికి టైమైపోతోంది" అన్నాడు.

"బీచ్ సెప్పులు నాకెందుకు బాబూ. వరసలో ఉన్నాది మాదే" అన్నాడు అప్పలస్వామి. కదలలేదు.

ఎర్ర పట్టీలున్న ఆడవాళ్ల చెప్పులు. కీమన్ సింహాచలం బస్సు దిగి వచ్చాడు. రోజూ తన వంతు లైనంతా నడిచి, వదులైన బిగింపులు సరిచేసేవాడిని కీమన్ అంటారు. అతను ఆ చెప్పులు చూసి, "మా ఆడదానివే. గోల్ బజార్లో నేనే కొన్నాను" అన్నాడు. హాజరు పట్టీలో అతని భార్య వరహాలమ్మ పేరు ఎదుట నా టిక్కు ఉంది. బస్సులో విచారిస్తే ఆమె ఆడపడుచు పైడమ్మ లేచి నిలబడింది. వదిన తన వెనకే వస్తోందనుకున్నానని, పొద్దున్నలా మళ్లీ తిట్లు పడతాయని ఆమె బదులు తానే పలికానని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

నా చేతిలోని కాగితం ప్రకారం ఆమె బస్సులో ఉంది. నా ఎదుటి నీళ్లలో ఆమె కనిపించడం లేదు. ఆ క్షణంలో నాకు ఉత్తర్వులోని చివరి వాక్యం గుర్తుకు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. ముందు ఆమె కోసం భయపడ్డాను, ఆ వెంటనే ఆ వాక్యం గుర్తుకు వచ్చింది.

అప్పలస్వామి ఆరుగురిని పిలిచి, లైను గస్తీకి పంపినట్టే, సమాన దూరంలో ముగ్గురిని ఎడమకు, ముగ్గురిని కుడికి నీటి అంచు వెంట నడిపించాడు. సింహాచలాన్ని మాత్రం పంపలేదు, చెప్పుల దగ్గరే ఉంచాడు. అతను వంగి వాటిలోని ఇసుక దులిపాడు. మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. ఏడు నిమిషాలు గడిచాయి. నా గడియారం చూసి రాసుకున్న సంఖ్యే ఇది. అప్పుడు ఎడమ వైపు నుంచి ఈల వినిపించింది. ఒడ్డుకు లాగి పెట్టిన పడవల వెనక నుంచి వరహాలమ్మ నడుచుకుంటూ వస్తోంది. భుజాన ఎవరిదో తువ్వాలు, పక్కన ఒక జాలరి స్త్రీ.

అల తగిలి నడుం దాకా తడిసిపోయిందట. తడి చీరతో బస్సెక్కడానికి సిగ్గుపడి, పడవల చాటున ఎండకు కూర్చుందట. ఆ జాలరి స్త్రీయే తువ్వాలు ఇచ్చి, ఎండు చేపల ధర గురించి మాటల్లో పెట్టిందట.

"ఆపీసరు బాబు ముందు ఇలాగెక్కితే ఏటి బాగుంటాది? ఆరినాక వొద్దావని కూకున్నాను" అంది.

"నీ సీర ఆరీసరికి మేం రాయపూర్ ఎల్లిపోదుము" అన్నాడు సింహాచలం.

"ఎలాగెల్తారు? నా సెప్పులు వరసలో ఉన్నాయి కదా. జోడు అక్కడుండగా మేటు మావ బండి కదలనిత్తాడేటి?" అని, ఆమె ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టి, బస్సెక్కింది.

నేను పట్టీలో నా సంతకం ఎదుట "తప్పు" అని రాసి, సమయం వేసి, మళ్లీ సంతకం పెట్టాను.

భీమిలిని వదిలేద్దామని గైడు ప్రతిపాదించాడు. ముద్రించిన కార్యక్రమంలో మూడు బీచ్‌లు ఉన్నాయని, ఉదయపు ఆలస్యం మీద అతని సంతకం నా దగ్గర ఉందని చెప్పాను. వెళ్లాం. అక్కడ ఎండ మెత్తబడింది. ఆడవాళ్లు తెచ్చిన పులిహోర, ఉల్లిపాయ ముక్కలు కలిపిన మరమరాలు ఆకుల్లో పంచారు. పైడమ్మ నాకు తెచ్చి పెట్టింది. పొద్దున్న నేను మందలించినవాళ్లలో ఒకామె, "బాబూ, ఇంకాస్త కలిపీమంతారా, పరీచ్చ పాసైపోనాం కదా" అని అడిగింది. కలపమన్నాను. గైడు కూడా మా వాళ్ల మధ్య కూర్చుని తిన్నాడు. పిల్లలు గవ్వలు ఏరుకున్నారు. పెద్దవాళ్లు ఏమీ చేయకుండా గంటసేపు నీళ్లవైపు చూస్తూ కూర్చున్నారు. అప్పలస్వామి చెప్పుల వరుస వైపు నడిచి, ఆగి, నా బూట్లకేసి చూశాడు. నేను బూట్లు, మేజోళ్లు విప్పి వరుస చివర పెట్టాను. అతను మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టి, "నలభై మూడు" అన్నాడు. ఆ సాయంత్రం బండి ఎక్కేటప్పుడు నేను పేర్లు పిలవలేదు.

రాయపూర్ చేరాక నివేదిక రాశాను. ఏడో పేరాలో రుషికొండ సంగతి పూర్తిగా పెట్టాను. టైపు చేసిన హెడ్ క్లర్కు ఆ పేరా తీసేయమని సలహా ఇచ్చాడు. అందరూ క్షేమంగా వచ్చారు, ఎవరికీ తెలియదు, కమిటీ చేతికి మీరే కర్ర ఇస్తున్నారని అతని వాదన. పథకం పోతుందన్న భయం నాకూ ఉంది. కానీ సంతకం చేసిన తప్పు హాజరును దాచిపెట్టి కాపాడే పథకం వచ్చే ఏడాది మరొక ఇన్‌స్పెక్టరు చేతిలో ఇదే తప్పుకు దారి తీస్తుంది. ఆ మాట కూడా పేరా చివర చేర్చి, దాని కింద మేటు పద్ధతిని అంచెలవారీగా వివరించి పంపాను.

పర్సనల్ ఆఫీసరు గారు పదిరోజుల తరువాత పిలిచారు. ఏడో పేరా చుట్టూ పెన్సిల్ గీత ఉంది. ఆమె తప్పిపోయినట్టా, కానట్టా అని అడిగారు. నా పట్టీ ప్రకారం తప్పిపోలేదు కాని నిజానికి తప్పిపోయింది, మేటు లెక్క ప్రకారం ఒక్క నిమిషం కూడా తప్పిపోలేదు అని చెప్పాను. ఆయన ఎదురుగా ఉన్న కమిటీ కార్యదర్శిని, మన గుమాస్తాల యాత్రల్లో ఎవరైనా ఇలా లెక్కపెట్టారా అని అడిగారు. లేదని కార్యదర్శి ఒప్పుకున్నాడు. వచ్చే ఏడాది సగం సీట్లు గ్యాంగ్ కుటుంబాలకు అని అక్కడికక్కడే రాశారు. యాత్రా నిబంధనల్లో "పాదరక్షల గణన" అని కొత్త అంశం చేరింది. ఆ ఉత్తర్వు నకలు నా దగ్గర ఉంది. దాని మీద అప్పలస్వామి పేరు లేదు. లేదని రాసి అభ్యంతరం తెలిపాను. రెండో నకలులో చేర్చారు.

పదవీ విరమణ వరకు మరో ఐదు యాత్రలు నడిపాను. హాజరు పట్టీ మానలేదు, కానీ దాన్ని చెప్పుల లెక్క తరువాతే పూర్తి చేసేవాడిని. ఆలస్యంగా పలికినవారిని మందలించడం మానేశాను. లెక్కపెట్టే మనిషికి జనం భయపడితే, వాళ్లు అతనికి కావలసిన సంఖ్యే చెబుతారు. ఆ సంఖ్య కింద చేసే సంతకానికి విలువ లేదు.