నేను వదులు చేసిన స్క్రూ

మా అక్క నన్ను నమ్మినప్పుడల్లా నాకు ఊపిరాడదు. ఏళ్లుగా ఇదే బరువు. నా భర్తకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఒక మాట ముందే అనేస్తాను. ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. బావ మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

వనపర్తిలో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం దొరికేదాకా గద్వాలలో అక్క దగ్గర ఉన్నాను. బావకు అక్కడ సైకిళ్ల దుకాణం. ఊళ్లో గేర్ల సైకిళ్ల మోజు అప్పుడే మొదలైంది. కొన్నవాళ్లందరిదీ ఒకటే తిప్పలు. ఏ గేరులో ఉన్నారో తెలియదు, తెలుసుకోవడానికి తల తిప్పి వెనక చక్రం వైపు చూస్తారు. అట్లా చూస్తూనే ఒక టీచరమ్మ ఆగి ఉన్న ఆటోను గుద్దింది. ఆమె మోచేయి కడుగుతున్నప్పుడు అనిపించింది, ఆ అంకె ఏదో కళ్లెదుట హ్యాండిల్ మీదే కనిపిస్తే సరిపోతుంది కదా అని.

అనుకున్నంత సులువు కాలేదు. మొదట ఒక చిన్న డబ్బాలో అంకెలు పెట్టి, దాన్ని గేరు మార్చే మీటకే కట్టాను. మీట కదిలేది, చెయిన్ ఒక్కోసారి కదిలేది కాదు. డబ్బా అబద్ధం చెప్పేది. మీట ఏం అడిగిందన్నది ఎవరికి కావాలి, చెయిన్ నిజంగా ఎక్కడుందో తెలియాలి. అది తట్టాక, వెనక చక్రం దగ్గర చెయిన్‌ను పక్కకు జరిపే భాగం నుంచే సన్నని తీగను హ్యాండిల్ దాకా లాగాను. కొలత టేపులోని స్ప్రింగు, మాత్రల డబ్బా మూత, దాని మీద గోళ్ల రంగుతో రాసిన అంకెలు. చిన్న కిటికీలో ఒక్క అంకె. ఒకటి అంటే ఎత్తు ఎక్కడానికి, ఏడు అంటే వేగంగా పోవడానికి. మొదటిసారి అంకె సరిగ్గా మారిన రోజు ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను. పూర్తిగా నాది అని చెప్పుకోగలిగిన వస్తువు అంతకుముందు ఏదీ లేదు. తర్వాతా లేదు.

అక్క అంగన్‌వాడీలో పనిచేసేది. దుకాణం వెనక గదిలో నేను బావకు సాయం చేస్తున్నానని మాత్రమే ఆమెకు తెలుసు. అన్నీ సరిచేశాక చూపిద్దామనుకున్నాను. అంతలోనే పేపరులో ఫొటో వచ్చింది. బావ, సైకిల్, నా డబ్బా. గద్వాల వాసి కొత్త పరికరం కనిపెట్టాడని రాశారు. అక్క దాన్ని కత్తిరించి దేవుడి పటాల పక్కన అంటించింది.

బావను అడిగాను. ఆయన చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టను కూడా లేదు.

"నీ పేరు చెప్తే ఎవరు నమ్ముతరే? ఆడపిల్ల, దానికేం తెలుస్తది గేర్ల సంగతి అంటరు. ఇంట్లదే కద, ఎవరి పేరైతే ఏంది?"

దొంగలా తడబడి ఉంటే బహుశా క్షమించేదాన్ని. ఆయన నవ్వుతూ అన్నాడు. తను చెప్పింది న్యాయమేనని నమ్మి అన్నాడు. అక్కకు ఎందుకు చెప్పలేదు? ఆమె సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక, అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎంత మంచిదాన్నో చూడండి. అసలు సంగతి వేరు. చెప్తే ఒక గొడవ జరిగి, ఒక రాజీ కుదిరి, బావ ఒక మాట అనేసి బయటపడేవాడు. నాకు అంత చిన్నది వద్దు. పది మందిలో తీసుకున్న పేరు పది మందిలోనే పోవాలి.

అవకాశం దానంతట అదే వచ్చింది. పేపరు చూసి హైదరాబాద్ నుంచి ఒక సైకిళ్ల వ్యాపారి వస్తానన్నాడు, బాగుంటే తనే తయారు చేయిస్తానన్నాడు. "ఉత్తగ చూపిస్తే ఏం లాభం బావా, వాగు కట్ట ఎక్కి చూపియ్యి, అప్పుడు నమ్ముతరు," అన్నాను. ఆ సలహా నాదే. ఆ కట్టకు ఒక పక్కంతా రాళ్లు పరిచి ఉంటాయి. అది నాకు తెలుసు.

వ్యాపారి వచ్చిన రోజు ఉదయం సైకిల్ తుడిచి నూనె వేయమని బావే నాకు అప్పగించాడు. ఒకటో గేరుకు వచ్చినప్పుడు చెయిన్ హద్దు దాటి చక్రం స్పోకుల్లో పడకుండా ఆపే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని వదులు చేశాను. డబ్బాను ముట్టుకోలేదు. దాన్ని పాడు చేయడానికి చేతులు రాలేదు. మనిషి విషయంలో మాత్రం వచ్చాయి.

బావ కట్ట ఎక్కుతూ అంకెలు గట్టిగా చదివాడు. నాలుగు. మూడు. రెండు. కింద నిలబడిన జనం చప్పట్లు కొట్టారు. "ఒకటి!" అని అరిచాడు, కిటికీలో కూడా ఒకటే పడి ఉంటుంది, నా డబ్బా చివరి క్షణం దాకా నిజమే చెప్పి ఉంటుంది. చెయిన్ స్పోకుల్లోకి దూకింది. చక్రం బిగుసుకుపోయింది. బావ సైకిల్‌తో సహా పక్కకు ఒరిగి రాళ్ల మీద పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది.

అందరూ ఆయన వైపు పరుగెత్తారు. నేను సైకిల్ వైపు పోయాను. ఇంటికి తెచ్చి స్క్రూ బిగించాను. చెయిన్‌లో చిక్కుకున్న నా తీగను చూసి, దానివల్లే పడ్డాడని అందరూ అనుకున్నారు.

నవ్వులపాలైతే చాలనుకున్నానా? మరి రాళ్లున్న కట్ట ఎందుకు ఎంచుకున్నాను? జవాబు నాకు తెలుసు. మీకూ తెలిసింది.

మర్నాడు దవాఖానకు ఆ వ్యాపారి వచ్చాడు. మనుషుల ప్రాణాలు తీసే వస్తువు ఎట్లా చేశావని మంచం పక్కనే నిలబడి తిట్టాడు. అక్క ఉంది, నేనూ ఉన్నాను. బావ మెల్లగా అన్నాడు, "నేను చేయలే సార్. మా మరదలు చేసింది. ఆ తీగ కట్టింది ఆమెనే. ఆమెను అడుగుండ్రి."

ఆ డబ్బా పక్కన నన్ను నిలబెట్టడం అదే మొదటిసారి. మెచ్చుకునేటప్పుడు కాదు, తిట్లు పడుతున్నప్పుడు.

అక్క నా వైపు తిరిగింది. "ఏమే, నిజమేనా?"

నేను బావ కళ్లలోకే చూశాను. "నాకేం తెలుస్తది అక్కా? ఆడపిల్లను. గేర్ల సంగతి బావకే తెల్వాలె."

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. తన మాటను గుర్తుపట్టాడు. అక్క ఆయన మీద పడింది. "సిగ్గుండాలె జర! ఫొటో దిగేటప్పుడు నీది, పడ్డంక నా చెల్లెదా?"

బావ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. నేను అన్న ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నోరు తియ్యనవుతుంది. సిగ్గుపడాలని తెలుసు. తియ్యనవుతుంది, అంతే.

ఇప్పుడాయన కుంటుతూ నడుస్తాడు. దుకాణం ఎత్తేసి ఒక చీరల షాపులో కూర్చుంటాడు. అక్క ఆయన్ను వదిలి పోలేదు. కానీ ఆయన ఏం చెప్పినా ఇంకొకరిని అడిగి తెలుసుకుంటుంది. పిల్లల ముందే, మీ నాయన మాట నమ్మకుండ్రి అంటుంది. పగ బావ మీద అనుకున్నాను, అది పోయి అక్క సంసారంలో కూర్చుంది. నా డబ్బా కూడా పోయింది. అది నాదని చెప్పుకుంటే బావను పడగొట్టినదాన్ని అవుతాను, అది మంచిదని నిరూపించాలంటే స్క్రూ సంగతి బయటపెట్టాలి.

మొన్న అక్క నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికి వచ్చింది. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, "నాతోని ఎన్నడూ అబద్ధం ఆడనిది నువ్వొక్కదానివే," అంది. నేను కూర కలిపాను. అడుగంటకుండా కలుపుతూనే ఉన్నాను.

ఆమెకు చెప్తానా? చెప్పను. ఆ ధైర్యం నాకు లేదు, బావకు అంత ఊరట ఇవ్వాలని కూడా లేదు. అందుకే మీకు చెప్తున్నాను, ఒక్కసారైనా ఇది ఎక్కడో ఒకచోట సూటిగా ఉండాలని.

ఆ రోజు దవాఖానలో బావ నిజమే చెప్పాడు. ఆ డబ్బా చేసింది నేను. ఆ స్క్రూ వదులు చేసిందీ నేనే.