ఆయిల్ పాన్ కింద పసుపు రంగు

ఒక బోల్టు బరువెంత ఉంటుంది? అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటి బోల్టొకటి ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. ఇవాళ దాన్ని తీసి మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు రాలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు, ఊరేగింపులు జరుగుతున్న రోజులవి. చిక్కడపల్లిలో మా సందులోనే ఉండే మూర్తిగారికి ఒక పాత ఫియట్ కారుండేది. ఆయనది కృష్ణా జిల్లా. ఉద్యోగం మీద ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కారంటే ప్రాణం, కానీ బానెట్ ఎత్తడం కూడా రాదు. నేనేమో ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ప్రెస్సులో అచ్చు యంత్రం నడుపుకుంటూ, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంజను పుస్తకాల్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. అందుకే మూర్తిగారు తాళం చెవి నా చేతికిచ్చి, "అన్నగారూ, మీరే చూసుకోవాలి" అనేవారు. ఆ మాట కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

మెకానిక్ యాదగిరి షెడ్డు నారాయణగూడలో. పనిమంతుడే, కాదనను. కానీ నోరు మంచిది కాదు. నన్ను "ఇంజనీరు కాకా" అని పదిమందిలో పిలిచేవాడు. పైకి నవ్వేవాణ్ణి. లోపల మండేది. అతనికొక అలవాటుంది. బిగించిన ప్రతి బోల్టు మీద నుంచి పక్క రేకు మీదకి పసుపు రంగుతో సన్నగా గీత గీసేవాడు. బోల్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. ఆ గీత ఉందంటే పని యాదగిరిదని, అటు అశోక్‌నగర్ దాకా పాత కార్లున్న వాళ్లందరికీ తెలుసు.

దసరా ముందు ఆయిల్ మార్పించడానికి కారు నేనే తీసుకెళ్లాను. ఆయుధపూజ దగ్గరపడితే ఆ షెడ్డు ముందు బళ్లు రోడ్డు మీదకి వస్తాయి. ఆ హడావిడిలోనే యాదగిరి పని ముగించి, కారు కింద నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"కాకా, ఇంజను కింది ఆయిల్ పాన్ అడుగున నూనె ఇడిసే ప్లగ్గు బోల్టు ఉంటది సూడు, దాని మరలు అరిగినయ్. పాన్ దింపి కొత్త బుష్ ఏసి వెల్డింగ్ కొట్టియ్యాలె. పండుగైనంక తీస్కరా. గప్పటిదాంక దాన్ని ముట్టకు. మూర్తి సారుకు జర చెప్పు. నీ చెయ్యి అసలే ఊకుండది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నేను మూర్తిగారికి చెప్పలేదు. మరిచిపోయానని నాకు నేనే నచ్చజెప్పుకోవాలని ఎంత చూశానో! మరిచిపోలేదు. ఆ ప్లగ్గును నా చేత్తో సరిచేసి, ఆ నవ్వును వాళ్ల మొహాన కొట్టాలనుకున్నాను. అంతే.

పండుగ వెళ్లాక కారు కింద నూనె చుక్కలు పడసాగాయి. గచ్చు పాడవుతోందని మూర్తిగారి అపార్ట్‌మెంట్‌లో వాళ్ల సణుగుడు. ఆ రోజు బంద్, షెడ్డు మూసి ఉంది, మూర్తిగారు ఊళ్లో లేరు. మరునాడు తెరుస్తాడని తెలుసు. అయినా అట్టముక్క పరుచుకుని కారు కింద దూరాను. ప్లగ్గు మీద యాదగిరి గీత లేదు, సరిగ్గా బిగవనిదానికి అతను గీయడు. దాని తలకాయ అంచులు అరిగి గుండ్రంగా తయారైంది. స్పానర్ జారుతుంది, వేళ్లు ఇనుముకు కొట్టుకుంటాయి. మళ్లీ పెడతాను, మళ్లీ జారుతుంది. ఆ దరిద్రపు బోల్టును ఎంత తిట్టానో! చివరికి విప్పి, ఆయిల్ బేసిన్‌లోకి వదిలి, కుళాయిలకు చుట్టే తెల్ల టేపు దాని మరలకు చుట్టి, మళ్లీ ఎక్కించాను. బిగువు చాలలేదనిపించింది. స్పానర్‌కు ఇనప గొట్టం తొడిగి లాగాను. ఇంకొంచెం. ఇంకొంచెం. ఒక్కసారిగా చేతిలో స్పానర్ తేలికైపోయింది. యంత్రాలు ముట్టుకున్న వాడెవడికైనా ఆ తేలిక ఏమిటో తెలుసు. పాన్‌లో మిగిలిన మరలు కూడా పోయాయి.

అప్పుడైనా ఆగి, మర్నాడు నారాయణగూడ వెళ్లి, "చెడగొట్టాను, చూడు" అని ఉండొచ్చు కదా? అతను నవ్వేవాడు. నవ్వితే ఏం పోయేది?

నీళ్ల పైపుల పగుళ్లకు పెట్టే ముద్ద పిసికి ప్లగ్గు చుట్టూ మెత్తాను. ఆరాక బేసిన్‌లోని ఆయిల్‌ను మళ్లీ ఇంజనులో పోశాను. చుక్క పడలేదు. కానీ వంగి చూసినవాడికి ఆ బూడిదరంగు ముద్ద ఇట్టే కనబడుతుంది. గేటు మీద నంబరు రాయగా మిగిలిన పసుపు పెయింటు ఇంట్లో ఉంది. ముద్దను కప్పడానికే తెచ్చానని చాలాకాలం అనుకున్నాను. అబద్ధం. పూసి ఊరుకోలేదు, యాదగిరి ఎలా గీస్తాడో గుర్తు తెచ్చుకుని మరీ ప్లగ్గు మీద నుంచి పాన్ మీదకి గీత లాగాను. కారు కింద వెల్లకిలా పడుకుని ఇంకొకడి సంతకం పెట్టాను.

కొద్ది రోజులకే, అంబర్‌పేటలో చుట్టాల గృహప్రవేశానికి బయలుదేరిన మూర్తిగారి కారు అడిక్‌మెట్ దగ్గర ఆగిపోయింది. ప్లగ్గు ఊడి, ఆయిలంతా రోడ్డు పాలై, ఇంజను బిగుసుకుపోయింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మూర్తిగారు నన్నూ పిలిపించారు. పాన్ మీద అంటుకుని మిగిలిన పసుపు రంగును వేలితో చూపించారు.

"ఇది నీ గుర్తు కాదటయ్యా?"

యాదగిరి కిందికి దూరి చూసి వచ్చాడు. "రంగు నా లెక్కనే ఉంది సార్. పని నాది కాదు. మరలు అరిగినయ్, ముట్టొద్దని పండుగకు ముందే చెప్పిన. ఏం కాకా, చెప్పిన్నా లేదా?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"నాకేం చెప్పలేదు," అన్నాను.

మూర్తిగారు యాదగిరి వైపు తిరిగారు. ఆయన గొంతు లేచింది. "పని మాత్రం సరిగ్గా చెయ్యరు. జెండాలు పట్టుకుని తిరగమంటే ముందుంటారు మీవాళ్లు!"

"ఇన్నేండ్లు మీ బండి కింద పండుకుంటే యాదగిరినే ఉంటి. ఇయ్యాల 'మీవాళ్లు' అయిన్నా సార్?"

నేను పుట్టింది భువనగిరి పక్కన. ఆ 'మీవాళ్ల'లో నేనూ ఉన్నాను. గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

మూర్తిగారు కారును తుక్కుకు ఇచ్చేశారు. ఇవ్వకముందే సంగతి నలుగురికీ చెప్పారు. పాత కార్లవాళ్లు ఒక్కొక్కరే ఆ షెడ్డుకు వెళ్లడం మానేశారు.

అతనిది మాత్రం తప్పు లేదా? పండుగ రద్దీలో పడి, అరిగిన ప్లగ్గుతో కారును ఎందుకు పంపాడు? నాతో చెప్పే బదులు మూర్తిగారికే ఒక ఫోను చేసి ఉండకూడదా? ఇదంతా మనసులో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. వకీలూ నేనే, జడ్జీ నేనే. ప్రతిసారీ గెలిచాను. గెలిచినవాడికి ఇంత చిరాకు ఎందుకు?

ఒకసారి నా స్కూటర్‌కు బ్రేకు చేయించే నెపంతో వెళ్లాను. "కూసో కాకా," అన్నాడు. 'ఇంజనీరు' అనలేదు. అది అన్నా బాగుండేది. పని అయ్యాక వంగి చూశాను. బిగించిన నట్టు శుభ్రంగా ఉంది. పసుపు గీత లేదు. పక్కనున్న బళ్ల మీదా లేదు. మానేశాడు. చెప్పాలని వెళ్లినవాణ్ణి, బ్రేకు డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. మూర్తిగారేమో ఇప్పటికీ పొద్దున్నే పాలబూత్ దగ్గర కనబడి "అన్నగారూ" అంటారు. ఆ మాట వింటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది.

యాదగిరి నాకు చెప్పాడు. నేను విన్నాను. ప్లగ్గు పాడుచేసింది నేను. ముద్ద మెత్తింది, పసుపు గీత గీసింది నేను. ఇంత రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక తేలికగానే ఉంది, కాదనను. కానీ ఈ తేలిక నాకు కొత్త కాదు. ఆ రోజు కారు కింద, చేతిలో స్పానర్ ఇలాగే తేలికైంది.