హెలికాప్టర్ రాదన్నాను

పెళ్లి కాకముందే అత్తారింటికి వెళ్లి, వాళ్ల ఏడాది పంటను ఒక్క మాటతో గాల్లోకి ఎగరేసిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఎగరేయడమంటే మాటవరసకి అనడం లేదు. మిరపకాయలు నిజంగానే లేచాయి. ఆ రోజు తుమ్మినవాళ్లు ఇప్పటికీ నన్ను తిట్టుకునే తుమ్ముతున్నారని మా ఆవిడ అంటుంది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నాకు విమానాల పిచ్చి. ఎవరి పిచ్చి వారికానందం అన్నారు గానీ, నా పిచ్చి పక్కవాళ్లకి నరకం. మంగళగిరిలో మా ఆఫీసు మేడ మీద టీ తాగుతూ, గన్నవరం వైపు దిగే ప్రతి విమానం పుట్టుపూర్వోత్తరాలూ ఫోన్లో తీసి, వినేవాళ్లున్నా లేకపోయినా చెప్పేవాణ్ణి. మోటారుసైకిలుకి నంబరు ప్లేటున్నట్టే, విమానానికైనా హెలికాప్టర్‌కైనా ఒంటి మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మన దేశానివైతే వీటీ అని మొదలవుతాయి. తర్వాతి మూడక్షరాలు దేనివి దానివే. ఆ అక్షరాలు చూస్తే చాలు, జాతకం చెప్పేస్తానని నా ధీమా.

అలాంటి రోజుల్లో మాధవితో నాకు నిశ్చితార్థమైంది. వాళ్లది పర్చూరు దగ్గర పల్లె. నాన్నగారు సుబ్బారావుగారు మిర్చి రైతు. శుభలేఖ నమూనాలు చూపించే వంకతో ఒక శనివారం వాళ్లింటికి వెళ్లాను. ఫోన్లో పంపొచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. పెళ్లి కుదిరిన కొత్తలో ఫోన్లో పంపే పనులేవీ ఉండవండీ.

నేను వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ కళ్లంలో ఉన్నారు. హైస్కూల్ గ్రౌండు గోడ పక్కనే వాళ్ల కళ్లం. నేలంతా పట్టాలు పరిచి కాయ ఆరబోశారు. కంటికి ఆనినంత మేరా ఎరుపే. మాధవి ఆడవాళ్లతో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. తాలు అంటే తెల్లబారిన కాయ, రంగూ ఉండదు, బరువూ ఉండదు. ఆ మాట గుర్తుంచుకోండి, తర్వాత నాకే తగులుతుంది.

అంతలో ఊరి వీఆర్వో బండి దిగాడు.

"సుబ్బారావుగారూ, రేపు మంత్రిగారు కోల్డ్ స్టోరేజీ ఓపెనింగుకి వస్తున్నారు. హెలికాప్టరు ఈ గ్రౌండులోనే దిగుద్ది. కాయ ఎత్తేసుకోండి, ఆ గాలికి ఆగదు."

"ఇంకో రెండెండలు తగలాలయ్యా," అన్నారు మామగారు దిగులుగా. "పచ్చి మీద పోగేస్తే చెమర్చుద్ది. మచ్చ పడ్డ కాయని మిర్చి యార్డులో ఎవడు చూత్తాడు? ఏడాది కష్టం గదా."

"నన్ను చెప్పమన్నారు, చెప్పా. ఇక మీ ఇష్టం."

మామగారు కాయ వంక చూశారు, ఆకాశం వంక చూశారు, ఆఖరికి నా వంక చూశారు.

"బాబూ, ఈ ఇమానాల సంగతి మీకు బాగా తెలుసంట గదా. అమ్మాయి చెప్పింది."

అమ్మాయి చెప్పిందట. ఆ ఒక్క మాటకి నేను భూమికి జానెడు పైకి లేచాను. ఆలు లేదు చూలు లేదు, అల్లుడి పేరు సలహాలరావు.

"ఏ హెలికాప్టరండీ వచ్చేది?" అన్నాను, వైద్యుడు నాడి అడిగినట్టు.

వీఆర్వో ఫోన్లో మెసేజి చూపించాడు. అందులో హెలికాప్టర్ అక్షరాలున్నాయి. చూడగానే నాకు నవ్వొచ్చింది.

"నవ్వుతారేందండీ?" అన్నాడు వీఆర్వో.

"ఈ హెలికాప్టర్ పోయిందండీ."

"యాడికి?"

"పైకి. అంటే, ఆయుష్షు తీరిపోయింది. ఇది ప్రభుత్వంవారి పాత హెలికాప్టర్. రెక్కలూడదీసి షెడ్డులో మూల పడేస్తే నా కళ్లతో చూశాను. దాని మీద పిచ్చుకలు గూడు పెట్టాయి."

"మరి ఈ మెసేజో?"

"పాత మెసేజీలో తేదీ మార్చి పంపుంటారు. మంత్రిగారు కారులోనే వస్తారు, చూస్తుండండి."

వీఆర్వో ఆలోచనలో పడ్డాడు. "అదీ నిజమేలెండి. మేమూ అట్టాగే పంపుతాం."

మాధవి మాత్రం లేచొచ్చింది. "పోనీ పైన పట్టాలన్నా కప్పుదాం నాన్నా."

"అక్కర్లేదు మాధవీ. కాయ ఆరనివ్వండి. నాదీ పూచీ," అన్నాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివింది అయిదక్షరాలే, ఉన్న మతి కాస్తా పోయింది.

రాత్రికి చీరాలలో స్నేహితుడి ఇంట్లో పడుకుని, మర్నాడు టిఫిన్ వేళకి మళ్లీ వాలాను. కాయ హాయిగా ఎండలో ఉంది. గ్రౌండులో సున్నంతో గుండ్రంగా గీత గీశారు, బ్యాండువాళ్లు వచ్చారు, పూలదండలు వచ్చాయి. నేను గోడకి ఆనుకుని పెసరట్టు తింటూ వాళ్ల అజ్ఞానానికి జాలిపడుతున్నాను.

దూరంగా దడదడమని చప్పుడు వినిపించింది.

"బాబూ," అన్నారు మామగారు.

"అది వేరేదండీ. పైనుంచి పైనే పోతుంది."

అది పైనుంచి కిందికే వచ్చింది. ధగధగలాడే కొత్త హెలికాప్టర్. ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా పట్టాలకేసి పరుగెడతాడు. నేను మాత్రం దాని ఒంటి మీద అక్షరాలు చదువుతున్నాను. అవే. అన్నీ అవే. పిచ్చుకలు గూడు పెట్టినదాని అక్షరాలే.

ఇంతలో కళ్లం లేచింది. ముందు ఒక అల, తర్వాత సుడి, ఆ తర్వాత ఊరంతా ఎర్రటి వాన. కాయలు ఇళ్ల కప్పుల మీద పడ్డాయి, బ్యాండువాళ్ల బాకాల్లో పడ్డాయి. బాకా ఊదబోయినవాడు తుమ్మాడు, పక్కన డోలువాడు తుమ్మాడు, దండ పట్టుకున్న సర్పంచిగారు తుమ్మి దండని పోలీసాయన మెడలో వేశారు. మంత్రిగారు మెట్టు దిగి, రెండు చేతులూ జోడించి, "సోదర సోదరీమణులారా" అనబోయి "సోద" దగ్గర మొదలెట్టిన తుమ్ములు కారెక్కేదాకా ఆపలేదు.

నేను ఉండబట్టలేక పైలట్ దగ్గరికి పరుగెత్తాను. ఒంగోలు మనిషట, ముక్కుకి రుమాలు కట్టుకుని ఉన్నాడు.

"ఈ అక్షరాలున్న హెలికాప్టర్ మూలపడింది కదండీ?"

"అది పాతదండీ. దాన్ని తీసేశాక అక్షరాలు ఖాళీ అయ్యాయి. మన గవర్నమెంటువాళ్లకి అవే అచ్చొచ్చినట్టున్నాయి, మళ్లీ దీనికి తీసుకున్నారు."

"మనిషి పోయినా పేరు అలాగే వాడేస్తారా?" అన్నాను అన్యాయమైపోయినవాడిలా.

వెనకనుంచి మాధవి గొంతు వినిపించింది. తిరిగి చూస్తే ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటో, నా మీద కోపమో అడిగే ధైర్యం లేదు.

"మీ పేరేంటండీ?"

"అదేంటి మాధవీ. కోటేశ్వరరావు."

"ఎవరి పేరు పెట్టారు?"

"మా తాతయ్యది."

"ఆయన ఉన్నారా?"

"పోయారుగా, నేను పుట్టకముందే."

"మరి మీరు రాలేదా?"

ఇంటింటా తాతల పేర్లు మనవలకి పెట్టుకునే దేశంలో పుట్టి, ఆ పేరే మోస్తూ, ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మామగారు ఖాళీ పట్టా మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆయన మొహం చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. వంగి కాయ ఏరడం మొదలెట్టాను. మాధవి నా పక్కనే వంగింది. కాసేపటికి వీఆర్వో వంగాడు, బ్యాండువాళ్లు వంగారు, ఊరు ఊరంతా తట్టలూ బొచ్చెలూ పట్టుకుని వచ్చింది. తుమ్ముతూనే ఏరారు, తిడుతూనే ఏరారు. పొద్దు వాలేసరికి కాయ మళ్లీ పట్టాల మీదికి చేరింది.

అప్పుడు మా అత్తగారు గుప్పెడు కాయ తీసి చూసి, "ఏవయ్యో, తాలంతా గాలికి కొట్టుకుపోయింది. ఉన్నదంతా గట్టి కాయే," అంది.

"అంతా పోలేదులే," అన్నాడు వీఆర్వో, నావైపు చూస్తూ. "ఒకటి ఇక్కడే నిలబడుంది. ఏం సుబ్బారావుగారూ, పిల్లనిస్తారా ఇంకా?"

మామగారు నన్ను ఎగాదిగా చూశారు. "తాలైనా మన చేలో కాసిందే గదయ్యా. పక్కన పెడతాం గానీ పారబోత్తామా," అన్నారు.

పెళ్లయింది. ఆ కోటప్పకొండ కోటేశ్వరస్వామి సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. కళ్లంలో కాయ ఉన్నంతకాలం, ఆకాశంలోంచి ఏదైనా సరే వస్తుందని గానీ రాదని గానీ నోరెత్తనని.

మొన్న మామగారు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, మబ్బు పట్టింది. వాన వత్తదంటారా?"

ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. "ఏమోనండీ మామయ్యగారూ, నేను చెప్పలేను."

"అట్టా అంటే ఎట్టాగండీ. మీరు రాదంటేనే గదా మేం కాయ ఎత్తేది."

ప్రతిజ్ఞ ముఖ్యమా, పంట ముఖ్యమా? "రాదండీ," అన్నాను. పట్టాలు కప్పండెహే అని ఆయన కూలీలకి కేకేయడం ఫోన్లోనే వినిపించింది. సాయంత్రం వాన దంచికొట్టింది. ఒక్క కాయ తడవలేదు.