వేదిక కింద మా మామ

మా మేనమామ పెనుకొండలో షామియానాలు, సభా వేదికలు కట్టే కూలీ. ఆయనకు ఒక పాత నలుపు తెలుపు హాస్య సినిమా అంటే ప్రాణం. అందులో మేకలు కాసుకునేవాడు పొరపాటున మంత్రి అవుతాడు. కూర్చున్న కుర్చీ విరిగి బోర్లాపడతాడు, ఎగరేయబోయిన జెండా నెత్తిన పడుతుంది. అదే పద్ధతి కాబోలనుకుని పక్కనున్న అధికారులూ వరసగా కిందపడతారు. ఎన్నిసార్లు చూసినా మామ కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వేవాడు. "సూడు అల్లుడూ, అంత పెద్దోడు ఎట్ల బోర్లాపడినాడో" అనేవాడు.

మొన్నటి ఎన్నికలప్పుడు ధర్మవరంలో ఒక నాయకుడి సభకు వేదిక కట్టారు. నాయకుడు ఆలస్యంగా వస్తాడని, జనం చెదిరిపోకుండా తెరకట్టి ఏదైనా వెయ్యాలన్నారు. మామే ఆ సినిమా పేరు చెప్పాడు. జనంలో నేనూ కూర్చున్నాను. ఒక్కరూ కదల్లేదు.

నాయకుడు రాగానే ఆయన వెంట అనుచరులంతా వేదిక ఎక్కేశారు. తెర మీద సినిమా ఆపడం ఎవరికీ గుర్తులేదు. వేదిక ఒక మూల కుంగుతోందని, దన్ను పెట్టడానికి మామ కిందికి దూరాడు. "అన్నా, దిగండన్నా, కట్టె నిలబడదు!" అని అరిచాడు.

"నోరు మూసుకోరా, అన్న మాట్లాడతాండాడు" అన్నారు పైనుంచి.

వేదిక కూలింది. నాయకుడు పూలదండతో సహా పల్టీ కొట్టాడు. జనం ఈలలు వేశారు. మామ కింద ఉన్నాడని నేను గొంతు చించుకుంటుంటే పక్కనాయన, "ఏమప్పా, యాల అరుస్తాండావు? నవ్వుకోనీ" అని విసుక్కున్నాడు. నాయకుణ్ణి లేపడానికి ఉరికినవాళ్లంతా మామ మీదున్న చెక్కల పైనే నిలబడ్డారు.

హిందూపురం ఆసుపత్రిలో మామకు మోకాలి దగ్గర కాలు తీసేశారు. నాయకుడు ఫోటోలవాళ్లతో పరామర్శకు వచ్చాడు. వచ్చి, పక్క మంచం మీద ఆటో బోల్తాపడి చెయ్యి విరిగిన ముసలాయనకు శాలువా కప్పాడు. ఆయన ఏమీ అర్థంకాక దండం పెట్టాడు.

"సామీ, మా ఇంటాయన ఈడుండాడు" అంది అత్త. అప్పటికే వాళ్లు గుమ్మం దాటారు.

మామ నవ్వడం మొదలుపెట్టాడు. కుట్లు లాగుతుంటే నొప్పికి అరుస్తూ కూడా నవ్వాడు. నర్సు వచ్చి తిట్టింది.

ఇప్పుడు వేదికల కూలికి అత్త పోతోంది. నాయకుడు గెలిచాడు. ఆయన పల్టీ కొట్టిన వీడియోకు ఎవరో పాట తగిలించారు, ఊళ్లో అందరి ఫోన్లలో ఉంది. మామ దాన్ని అడిగి మరీ పెట్టించుకుంటాడు.

"నేను యాడుండా అల్లుడూ?"

నేను వేలు పెట్టి చూపిస్తాను. ఆ చోట చెక్కలు, వాటి మీద చెప్పులు, అంతే.