పాలకాయతిప్పలో వచ్చిన జవాబు

మొన్న నా పాత ఫోను ఛార్జింగ్ పెట్టి, అందులోని ఒక రికార్డింగు తెరిస్తే పాలకాయతిప్ప తీరంలో అలల హోరు వినిపించింది. ఆ హోరులో సలోమి గారు ఒక వాక్యం చదువుతున్నారు. ఏ దేశంలోనూ లేని భాష అది. తన నవల కోసం బందరులో ఇంట్లో కూర్చుని ఆవిడే కల్పించారు. చదవడం ఆపగానే ఒక ముసలి ఆడగొంతు అదే భాషలో బదులు పలుకుతుంది.

సలోమి గారు పామిడిముక్కల దగ్గరి పల్లెలో పాస్టరు గారి అమ్మాయి. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పి రిటైరయ్యాక బందరులో స్థిరపడ్డారు. అప్పట్లో మా పత్రిక ఆదివారం అనుబంధం నేనే చూసేవాణ్ణి. ఆవిడ సీరియల్ వారం వారం నా చేతిమీదుగా వెళ్ళేది. ఆవిడ కథల్లో ఎక్కడెక్కడి లోకాల జీవులో దిగగానే తుపాకులవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఒక భాషావేత్త వచ్చి చాప పరుచుకుని వాటి ఎదుట కూర్చుంటుంది. యుద్ధం ఎప్పుడని పాఠకులు అడుగుతున్నారంటే ఆవిడ నవ్వారు. "ముందు అవతలివాళ్ళు ఏమంటున్నారో విననివ్వండి బాబూ. మీ విలేఖరులకీ ఇదే తొందర."

పల్లెల్లో మాటలు సేకరించిన రోజుల నుంచీ ఆవిడకొక నియమం. ఎవరి మాటైనా అచ్చు వేసేముందు వాళ్ళకే చదివి వినిపించాలి, సరేనంటేనే వేయాలి. ఆవిడ నాయికదీ అదే పద్ధతి.

రాసిన సంభాషణలను సముద్రం ముందు పైకి చదివి చూసుకోవడం ఆవిడ అలవాటు. ఫోనులో రికార్డు చేసిన ఆ సాయంత్రం నేనే కారులో తీసుకెళ్ళాను. ఆవిడ చదివింది, నవలలో నీటి అడుగున దిగిన జీవులను నాయిక అడిగే చివరి ప్రశ్న. వాళ్ళ జవాబేమిటో ఆవిడకింకా తోచలేదు. మా వెనక నూలు వల బాగుచేసుకుంటున్న ముసలామె తల ఎత్తకుండానే బదులు పలికింది. సలోమి గారి ముఖం పాలిపోయింది. ఆవిడ తేరుకుని లేచేసరికి ఆ ముసలామె వల భుజాన వేసుకుని ఇసుకతిన్నెల అవతలికి దాటిపోయింది.

"మీకు అర్థమైందా మేడం?"

"అయింది. ఆమెనడక్కుండా చెప్పలేను."

మర్నాడు వెళ్ళి వాకబు చేశాం. పడవ దగ్గరున్నాయన మమ్మల్ని వింతగా చూశాడు. "నూలు వలేంటండీ? మా నాన్న కాలంలోనే పోయినాయి. అంత పెద్దావిడ ఈ చుట్టుపక్కల లేదండీ."

ఆఖరి భాగం ఇవ్వాల్సిన గడువు వచ్చేసింది. పేజీ ఖాళీగా ఉంది. పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. కల్పించిన భాషే కదా, ఏదో ఒక అర్థం రాసేయమని బతిమాలాను.

"కల్పించింది నేనే. ఆ మాట అన్నది నేను కాదు కదా" అన్నారు.

సీరియల్ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పాఠకులు తిట్టిపోశారు. ఆవిడ మాత్రం కాళ్ళు సహకరించినంత కాలం పాలకాయతిప్పకు వెళ్తూనే ఉన్నారు.

ఇప్పటికీ ఎవరి మాటైనా అచ్చుకు ఇచ్చేముందు ఫోను చేసి చదివి వినిపిస్తాను. డెస్కులో కుర్రాళ్ళు నవ్వుకుంటారు. చివరిసారి ఆసుపత్రిలో చూడటానికి వెళ్తే సలోమి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆమె జవాబు చెప్పలేదు బాబూ. తిరిగి మనల్నే అడిగింది" అన్నారు.

ఏమని అడిగిందో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఫోనులో అలాగే ఉంది. ఇంతవరకు ఎవరూ బదులివ్వలేదు.