మల్బరీ తోట పెరికిన రోజు

"అమ్మా, ఎక్స్‌టర్పేట్‌తో ఒక వాక్యం చెప్పు," అంది నిన్న నా కూతురు. వేర్లతో సహా పెరికి, మళ్లీ మొలవకుండా నాశనం చేయడమని పుస్తకంలో అర్థం రాసుంది. నాకు పచ్చి వేర్ల వాసన తగిలింది.

నా చిన్నప్పుడు పెనుకొండ దగ్గర మా ఊళ్లో, నాయన గడ్డపార పట్టుకుని, పట్టుపురుగుల మేతకని పెంచిన మా మల్బరీ తోట మీద పడ్డాడు. ఒక్కో చెట్టునూ పొడిచి, తన్ని, జుట్టు పట్టి ఈడ్చినట్టు లాగేశాడు.

"చాల్రా, చేతులు చూసుకో, నెత్తురు కారతాండాది!" అని అవ్వ అరిచింది.

"ఒక్క వేరు గూడా మిగలగూడదు!" అన్నాడు నాయన.

నాకప్పుడు ఆరేళ్లు. అంతకు రెండురోజుల ముందు చేతులు కడుక్కోకుండా పట్టుపురుగుల గదిలోకి పోయి ఒక పురుగును ముట్టుకున్నాను. మర్నాటికి పురుగులన్నీ చచ్చాయి. నా మురికి చేతి వల్లే వాటికి తెగులు తగిలిందనుకున్నాను. తోట అయిపోగానే నన్నూ అట్లే పెరికేస్తాడని గడ్డివామి వెనక నక్కాను. సాయంత్రం నాయన వెతుక్కుంటూ వచ్చి, నెత్తురు చేతులు నా వైపు చాచాడు. కెవ్వుమని పరిగెత్తాను.

బోరు ఎండిపోయి, మంచి ఆకు లేక పురుగులు చచ్చాయని అవ్వ చెప్పేసరికి నాకు పెళ్లయింది. అన్నేళ్లూ నాయన చెయ్యి చాచినప్పుడల్లా నేను వెనక్కి జరుగుతూనే ఉన్నాను.